గడప లోపలి విద్య

శిశు సంక్షేమమనగానే మన సంఘానికి ఇద్దరే మనుష్యులు కళ్ళయెదుట మెదులుతారు. ఒకరు అనాథ బాలలకు గూడు కట్టించిన దాత. రెండవవారు ఆపదవేళ బిడ్డను బ్రతికించిన డాక్టరు. ఇద్దరూ పూజ్యులే. వారికి శాలువాలు కప్పుతారు, వీధులకు వారి పేర్లు పెడతారు. మూడవ మనిషి ఒకతె ఉన్నది. బిడ్డకు ఆపద రాకముందే ఆమె ఆ ఇంటి గడప దాటి లోనికి వెళ్ళి, తల్లితో నాలుగు మాటలాడి, చూడవలసినదేదో చూచి బయటకు వస్తుంది. ఆమె వెనుక ఇంకొకతె ఉన్నది. లోనికి వెళ్ళడం ఎట్లాగో, వెళ్ళి ఏమి చూడాలో, ఏ మాట అనకూడదో ఆమెకు నేర్పిన నర్సింగు అధ్యాపకురాలు. ఈ నాల్గవ మనిషి ఊసే మన సంఘంలో లేదు. ఇది కేవలం కీర్తికి సంబంధించిన సంగతే అయితే విచారించనక్కర లేదు. కాని పసిబిడ్డనూ, వాని కుటుంబాన్నీ జీవితకాలపు చదువుగా ఎంచుకొనే నర్సు ఉపాధ్యాయినికి మన విద్యాలయాలలో సరియైన దారి లేకపోవడం వల్ల నష్టపోతున్నది ఆమె కాదు, ఆ బిడ్డలు.

విజయవాడకు పడమట భవానీపురం ఉన్నది. ఒక ప్రక్క కృష్ణ, పున్నమి ఘాటు, నడినదిలో భవానీ ద్వీపం. మధ్యగా హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు. ఆవల విద్యాధరపురం వైపు కొండవాలు మీద మెట్లు మెట్లుగా లేచిన ఇళ్ళు. హౌసింగు బోర్డు కాలనీ మేడలకూ కొండమీది ఇళ్ళకూ నడుమ దూరం ఎంతో లేదు. అయినా టీకాల పెట్టె భుజాన వేసుకొని తిరిగే ఏ.ఎన్.ఎం.కు ఆ రెండూ రెండు దేశాలు. మేడ గేటు దగ్గర, 'మాకు ప్రైవేటు డాక్టరున్నారమ్మా' అన్న మాట ఎదురవుతుంది. కొండమీద ఇంట్లో తల్లి పనికి పోయి ఉంటుంది. బిడ్డ ముసలామె ఒడిలో ఉంటాడు. ఆ ముసలామె చేతిలో టీకాల కార్డు ఉండదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు ఏర్పడినప్పుడు ప్రతి సచివాలయానికీ ఆరోగ్య కార్యదర్శిగా ఒక ఏ.ఎన్.ఎం.ను నియమించినారు. అంటే ప్రతి సందుకూ దగ్గరలో ఒక మనిషిని ప్రభుత్వం నిలబెట్టినది. మనిషి ఉన్నది సరే, ఆమెకిచ్చిన విద్య ఏపాటిది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌ను గూర్చి చెప్పిన అంకెలు ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రులలోనే జరుగుతున్నవి. మన తాతమ్మలు కలలోనైనా ఊహించని సంగతి ఇది. కాన్పులలో నూటికి 42 శస్త్రచికిత్సతో జరుగుతున్నవి. అది వేరొక కథ, వేరొక కోపం. అదే సర్వేలో, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేనివారని ఉన్నది. ఆరు నెలలు నిండిన పసివారిలో నూటికి 63 మందికి రక్తం తక్కువ. ఇరవై నుంచి ఇరవైనాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే మెడలో పుస్తె పడినది. ఆస్పత్రి తన పని చాలావరకు చేసినది. బిడ్డను బ్రతికించి, తుడిచి, గుడ్డ చుట్టి తల్లి చేతికిచ్చి ఆటో ఎక్కించినది. ఆ ఆటో ఇంటి ముందు ఆగిన తరువాత జరిగేదే ఆ 31, ఆ 63. గడపకు ఇవతల గెలిచి, అవతల ఓడుతున్నామన్నమాట. కాబట్టి రాబోయే కాలంలో శిశు సంక్షేమమంతా గడప లోపలి వ్యవహారమే. అక్కడికి డాక్టరు రాడు, దాత రాడు. నర్సే వెళ్ళాలి.

వెళ్ళి ఏమి చేస్తుంది? ఇక్కడే మన చదువు తేలిపోతున్నది. ఆస్పత్రి వార్డులో నర్సు, 'ఆరు నెలలదాకా తల్లిపాలే పట్టండి, మంచినీళ్ళు కూడా వద్దు' అని చెబుతుంది. తల్లి తల ఊపుతుంది. ఇంటికి పోయిన పదవ రోజున అత్తగారో, అమ్మమ్మో చెంచాతో నీళ్ళు పోస్తూనే ఉంటారు. 'బెజవాడ ఎండల్లో పసిబిడ్డ గొంతు ఎండబెట్టమంటావటమ్మా? నలుగురిని కని పెంచినదాన్ని, నాకు చెప్పొచ్చావా?' అని ఆ పెద్దామె అడిగినప్పుడు, పుస్తకం చదివిన పిల్ల అదే వాక్యం మరింత గట్టిగా చెబుతుంది. లేకుంటే ఊరుకొని రిజిస్టరులో 'సలహా ఇవ్వబడినది' అని వ్రాసుకొని పోతుంది. విద్య అబ్బిన నర్సు అయితే, 'మామ్మగారూ, బిడ్డ రోజుకు ఎన్నిసార్లు గుడ్డ తడుపుతున్నాడో రేపు మీరే లెక్కపెట్టి నాకు చెప్పండి. ఆరుకు తక్కువైతే అప్పుడు ఆలోచిద్దాం' అంటుంది. పెద్దామెను ఓడించలేదు, పక్కన పెట్టలేదు. తన పక్షాన కాపలా పెట్టుకొన్నది. మర్నాడు పెద్దామె లెక్క చెబుతుంది; నీళ్ళ చెంచా దానంతటదే ప్రక్కకు పోతుంది. ఇది కేవలం గడుసుతనం కాదు. శిశువుకు పాలు చాలుతున్నవా లేవా అని తెలుసుకొనే శాస్త్రీయమైన గుర్తు అది. దానిని ఆ ఇంటి మాటలోకి, ఆ ఇంటి మర్యాదలోకి తెచ్చుకోవడమే విద్య. ఆ పిల్లకు ఇది ఎవరు నేర్పాలి?

మన ఇళ్ళలోనే ఒక పంచాంగం ఉన్నది. బిడ్డ బోర్ల పడితే బొబ్బట్లు పంచుతారు. అడుగులు వేస్తే అరిసెలు వండుతారు. బిడ్డ ఎదుగుదలను నెల తప్పకుండా కనిపెట్టి చూడమని పూర్వులు పెట్టిన ఏర్పాటు ఇది అనిపిస్తుంది. నర్సింగు కళాశాలలో ఇదే విషయాన్ని అమ్మాయిలు ఇంగ్లీషులో పట్టికగా కంఠస్థం చేస్తారు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటారు. కాని కొండమీది ఇంటికి పోయినప్పుడు, 'బొబ్బట్లు పంచారా పిన్నిగారూ?' అని అడగడం వారికి తోచదు. ఏడవ నెల దాటినా ఆ ఇంట బొబ్బట్లు వండలేదంటే దాని వెనుక లేమి ఉండవచ్చు, పట్టింపు లేకపోవచ్చు. లేదా బిడ్డలోనే ఏదో లోపం ఉండవచ్చు. ఏదైనా సరే, నర్సు ఆగి చూడవలసిన చోటు అది. ఈ రెండు పంచాంగాలనూ కలిపి కూర్చగల పండితురాలు నర్సింగు శాఖలో పుట్టాలి. అట్టి పని చేస్తే అది పరిశోధన అని విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి.

ఇట్టి ప్రయత్నానికి కృష్ణా జిల్లాలో పునాది లేదనడానికి వీలు లేదు. పూర్వపు కృష్ణా జిల్లాలోనిది, ఇప్పటి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది పెనుగంచిప్రోలు. అక్కడి కొమర్రాజు వారి ఆడపడుచు భండారు అచ్చమాంబ. తొలి తెలుగు కథకురాలిగా ఆమెను సాహిత్య లోకం ఎరుగును. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కర్త్రిగానూ ఎరుగును. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న పిమ్మట అనాథ శిశువులను ఇంట చేర్చుకొని పెంచిన తల్లి అన్న సంగతి అంతగా చెప్పుకోరు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలసి ఆమె బృందావన స్త్రీ సమాజాన్ని నెలకొల్పినారు. 1905లో, నిండా ముప్పై యొక్క ఏండ్లైనా రాకముందే గతించినారు. మరుసటి సంవత్సరం ఆమె తమ్ముడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారికి కూతురు పుట్టినది. మేనత్త పేరే ఆమె పేరు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ అంటే ఒకప్పుడు బెజవాడలో తెలియనివారు లేరు.

ఈమె నర్సు కాదు, డాక్టరు. మదరాసులో వైద్యం చదివి, విజయవాడలో ఆస్పత్రి పెట్టి ప్రాక్టీసు చేసినారు. కమ్యూనిస్టు ఉద్యమంతోనూ మహిళా సంఘాలతోనూ కొంతకాలం నడచి, పిమ్మట కాంగ్రెసు పక్షాన 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు, 1964లో కన్నుమూసినారు. ఇవన్నీ జీవిత చరిత్రలో వ్రాయదగిన సంగతులే. అయినా ఆమె చేసిన పనులలో ఇక్కడ ముఖ్యంగా తలచుకోవలసినది ఒక్క పుస్తకం: 'ప్రసూతి – శిశుపోషణ'. తండ్రి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, శాస్త్రం తెలుగులో ఉండాలని 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'నకు పూనుకొన్నాడు. కూతురు ఆ సర్వస్వాన్ని పురిటి గదిలోకి తెచ్చినది. తండ్రి ఆశయం పండితుల బల్లమీద ఆగిపోయే ప్రమాదం ఉన్నది. కూతురి ఆశయానికి ఆ ప్రమాదం లేదు. ఎందుకంటే అది గర్భవతి అయిన స్త్రీని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఆమె భాషలో ఆమె శరీరం సంగతి చెప్పడానికి పూనుకొన్నది. విశేషమేమంటే, వైద్యురాలు తన వైద్యాన్ని గదిలో దాచుకోకుండా ఇంటి చేతికి అందించడం. ఇది నిజానికి నర్సింగు ధర్మమే. డాక్టరు చేసినందున దానికి గౌరవం వచ్చినది. ఆమె తరువాత అదే పనిని వృత్తిగా కొనసాగించవలసిన నర్సింగు విద్యాలయాలు దానిని అందిపుచ్చుకోలేదు. ఈనాడు ఆ పుస్తకానికి సాటి రాగల పాఠ్యగ్రంథాన్ని, ఇంటింటికీ వెళ్ళే నర్సు కోసమని తెలుగులో వ్రాసి, దానివల్ల ఆచార్య పదవికి అర్హత సంపాదించుకోవచ్చునని తలచే అధ్యాపకురాలు ఎక్కడున్నది? లేదంటే తప్పు ఆమెది కాదు. నర్సింగు డిగ్రీ చదువంతా, పరీక్షలంతా ఇంగ్లీషులో. తెలుగులో వ్రాసిన పుస్తకానికి ఆ లోకంలో లెక్క లేదు.

దుర్గాబాయి గారి మాట కూడా ఒక్కటి చెప్పుకోవాలి. 1937లో మదరాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించి, దాని నీడన ఆస్పత్రినీ నర్సుల శిక్షణనూ పెంచిన ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. మరుసటి సంవత్సరం మొదలైన సంక్షేమ విస్తరణ పథకాలలో బాలవాడి, గ్రామసేవిక, మంత్రసాని ఒకే చోట పనిచేయాలన్న ఏర్పాటు ఉన్నది. బిడ్డ చదువు, తల్లి ఆరోగ్యం, ఇంటి ఆదాయం వేరువేరు శాఖలు కావన్న బుద్ధి అందులో ఉన్నది. తరువాతి ప్రభుత్వాలు దానిని ముక్కలు చేసి శాఖలకు పంచినవి. ఇప్పుడు అంగన్‌వాడి ఒక శాఖది, ఏ.ఎన్.ఎం. ఇంకొక శాఖది. ఒకే బిడ్డను ఇద్దరూ రెండు పుస్తకాలలో రెండుసార్లు తూచి వ్రాసుకొంటారు.

నర్సింగు చరిత్రలోనూ ఇదే కథ. 1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడేనాటికి బ్రిటిషిండియా అంతటికీ ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. ఇంటింటికీ తిరిగి తల్లీబిడ్డలను చూచే హెల్తు విజిటర్లు 750 మంది మాత్రమే. పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 162 మంది ఏడాది తిరగకుండానే పోయేవారని 1937 లెక్క. అంత లేమిలోనూ హెల్తు విజిటరు చదువు ఒక ప్రత్యేక విద్యగా ఉండేది. 1918లో ఢిల్లీలో లేడీ రీడింగు హెల్తు స్కూలు వెలసినది అందుకోసమే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఏ.ఎన్.ఎం. శిక్షణ వచ్చినది, 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను సకల కార్యకర్తను చేసినది. పిమ్మట హెల్తు విజిటరు చదువు ప్రత్యేకత పోయి, ఏ.ఎన్.ఎం.కే ఆరు నెలల శిక్షణ ఇచ్చి పై పదవిలో కూర్చోబెట్టే పద్ధతి వచ్చినది. పనిమనుషుల సంఖ్య పెరిగినది, ఇది గొప్పే. శిశుమరణాలు తగ్గినవి, 2020 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి 24. అది ఇంకా గొప్ప. కాని ఇంటిని చదివే విద్య మాత్రం పలుచబడినది. నేడు ఏ.ఎన్.ఎం. ఇంటికి పోతే సగం సేపు ఫోనులో గడులు నింపడానికే సరిపోతున్నది. బిడ్డ ముఖం చూడవలసిన కళ్ళు అద్దం మీద ఉంటవి. గడులలో లేని సంగతిని ఆమె చూచినా వ్రాసే చోటు లేదు.

ఇట్టి గడులు ఎన్నో నింపించిన అమెరికాలోనే వేరొక దారి చూపిన నర్సు ఒకామె ఉన్నది. క్యాథ్రిన్ బర్నార్డ్ 1938లో పుట్టి 2015లో గతించిన వనిత. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నర్సింగు ఆచార్యులు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులను మెల్లగా ఊపే తొట్టిని ఆమె రూపొందించినది. ఊపితే బిడ్డలు బాగా ఎదుగుతారని పరిశోధన చేసి చూపినది. మన ఇళ్ళలో చీరతో ఉయ్యాల కట్టే అవ్వకు ఇందులో వింత ఏమీ తోచదు. అవ్వ ఎరిగినదాన్ని ఆమె కొలిచి చూపినది, అంతే తేడా. ఆ 'అంతే' చిన్నది కాదు. తరువాత ఆమె తల్లి బిడ్డకు పాలు పట్టే వేళనే పరిశోధనాంశంగా తీసుకొన్నది. తల్లి బిడ్డ కళ్ళలోకి చూస్తున్నదా? బిడ్డ ముఖం తిప్పుకొంటే ఆగుతున్నదా, బలవంతం చేస్తున్నదా? బిడ్డ తన ఆకలిని తల్లికి తెలియజెప్పగలుగుతున్నాడా? ఇట్టివి 70కి పైగా అంశాలు గుర్తించి, నర్సు ఇంట్లో కూర్చుండి చూచి తెలుసుకొనే కొలమానం తయారుచేసినది. 1970లలో ఉపగ్రహం ద్వారా దూరదూరాల నర్సులకు ఆ విద్య బోధించినది. తల్లీబిడ్డల నడుమ ఉన్న సంబంధాన్ని నర్సు చూడగలదనీ, చూచి సరిదిద్దడానికి తోడ్పడగలదనీ, అది ఒక ఆచార్యురాలి జీవితకాలానికి చాలిన విద్య అనీ ఆ దేశం ఒప్పుకొన్నది. బర్నార్డ్ గొప్పతనం ఎంతో, ఆమెకు అట్టి పీఠం ఉండడం కూడా అంతే ముఖ్యం.

ఆ దేశంలోనే న్యూయార్కు రాష్ట్రపు ఎల్మైరా పట్టణంలో 1970ల చివర డేవిడ్ ఓల్డ్స్ ఇంకొక పరీక్ష నడిపినాడు. తొలిచూలు పేద యువతుల ఇళ్ళకు గర్భం నాటినుంచి బిడ్డకు రెండేండ్లు వచ్చేదాకా నర్సులు వెళ్ళివస్తూ ఉండాలి. పదిహేనేండ్ల తరువాత చూస్తే, నర్సు వెళ్ళిన ఇళ్ళలో పిల్లలను హింసించినట్లు, ఆలనాపాలనా లేక వదలినట్లు వచ్చిన ఫిర్యాదులు తక్కిన ఇళ్ళతో పోల్చితే దాదాపు సగమైనవి. అంత దూరం పోనక్కరలేదంటే మన తెలంగాణా సరిహద్దునే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకు నేర్పి ఇంటి వద్దనే నవజాత శిశు రక్షణ జరిపించినారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినవని 1999లో వారు ప్రకటించినారు. ఇవాళ మన ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన మూడవ, ఏడవ రోజుల నుంచి నలభై రెండవ రోజు దాకా ఇంటికి వస్తున్నదంటే ఆ గడ్చిరోలి పుణ్యమే. ఆ దంపతులు డాక్టర్లు. ఓల్డ్స్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. నడిచి వెళ్ళిన కాళ్ళు నర్సులవీ, పల్లె స్త్రీలవీ. శాస్త్రం వ్రాసిన పేర్లు మాత్రం ఎక్కువగా ఇతరులవి.

మన వద్ద నర్సింగు పై చదువుకు ఐదు శాఖలున్నవి. సాధారణ రోగుల పరిచర్య ఒకటి. ప్రసూతి, స్త్రీరోగాలు ఒకటి. శిశు పరిచర్య ఒకటి. మానసిక రోగుల పరిచర్య ఒకటి. సామాజిక ఆరోగ్య పరిచర్య ఒకటి. చదివేవారి సౌకర్యానికి విభజన అవసరమే. కాని భవానీపురంలో ఒక ఇంటిని ఈ ఐదింటికీ పంచి చూడండి. పదిహేడేండ్ల తల్లి రక్తహీనత ప్రసూతి శాఖలోకి పోతుంది. బిడ్డ బరువు శిశు శాఖలోకి పోతుంది. కాన్పు తరువాత ఆమె ఎవరితోనూ మాటాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం మానసిక శాఖ. మగడి తాగుడు, పని దొరకని రోజులు, మెట్లమీద నీళ్ళ బిందెలు మోయడం, ఇవి సామాజిక శాఖ. ఇల్లు ఒక్కటే, అందులో ఏడుపు కూడా ఒక్కటే. ఆ ఇంటిని మొత్తంగా పట్టుకొనే పండితురాలు ఏ శాఖలో ఉద్యోగం వెదుక్కోవాలి? శిశు పరిచర్యలో పై డిగ్రీ పొందిన అమ్మాయికి తెలిసిన బిడ్డ మంచంమీది బిడ్డ. చేతికి సూది, మంచానికి చీటీ ఉన్న బిడ్డ. అరుగుమీద ఆడుకొనే బిడ్డతో ఆమెకు పరిచయం తక్కువ.

విజయవాడలో 1986లో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడినది. దాని నీడన ఊరూరా నర్సింగు కళాశాలలు లేచినవి. అక్కడినుంచి ఏటేటా అమ్మాయిలు పట్టాలు పుచ్చుకొని పట్టణాల పెద్ద ఆస్పత్రులకూ, గల్ఫు దేశాలకూ, ఇంగ్లండుకూ పోతున్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చదువుకై అప్పు చేసిన తండ్రి ఉన్నాడు. పెళ్ళి కావలసిన చెల్లెలు ఉన్నది. ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రి జీతం ఆ అప్పు వడ్డీకి చాలదు. అయినా ఒక విడ్డూరం గమనించాలి. ఆ అమ్మాయిలు చేరే ఇంగ్లండులో హెల్తు విజిటరు అంటే నర్సు చదువుపై మళ్ళీ ప్రత్యేక విద్య పూర్తిచేసిన మనిషి. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ, గొప్ప బీద అనకుండా, ఆమె పోతుంది. ఇక్కడ మనం పలుచన చేసుకొన్న విద్యను అక్కడ గౌరవంగా చూచి ఆశ్చర్యపడేది మన పిల్లలే.

ఒక ఆక్షేపణ న్యాయమైనది ఉన్నది. ఇంటిలోనికి వచ్చే మనిషి ప్రభుత్వపు కన్ను కాదా? నేడు నర్సుగా వచ్చినది రేపు పోలీసును వెంటబెట్టుకొని రాదా? బాల్య వివాహం జరిగిన ఇంట ఈ భయం ఊహ కాదు. పదిహేడేండ్ల చూలాలు ఆస్పత్రికి పోతే వయసు అడుగుతారని, అడిగితే మగడిపై కేసు వస్తుందని దాగి ఉండడం వింటూనే ఉన్నాము. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవారు చెప్పి తీరాలి, చెప్పకుంటే శిక్ష. చట్టం ఉద్దేశం మంచిదే. కాని ఆ పిల్లకు అన్నిటికన్నా నర్సు అవసరమైన వేళ, నర్సునే చూచి తలుపు వేసుకొనే స్థితి వచ్చినది. ఈ ముడి ఎట్లా విప్పాలో చెప్పగలవారు న్యాయవాదులు మాత్రమే కారు. అట్టి ఇళ్ళలో ఇరవై ఏండ్లు తిరిగిన నర్సింగు అధ్యాపకురాలు ఒకామె చట్టం చేసేవారి యెదుట కూర్చుండి, 'తలుపు మూయించకుండా బిడ్డను కాపాడే విధం ఇది' అని తన అనుభవాన్ని శాస్త్రంగా చెప్పగలిగితే ఆ మాటకు విలువ ఉంటుంది. అట్టి మనిషిని మనం తయారుచేసుకోలేదు గనుక, ఆ గదిలో ఆమె కుర్చీ ఖాళీగా ఉన్నది.

ఇల్లు విరిగిన తరువాత బిడ్డను ఆదుకొనే సంస్థలకు విజయవాడ పెట్టినది పేరు. దేశం నలుమూలలనుంచి రైళ్ళు వచ్చి కలిసే ఈ జంక్షనులో, ఇల్లు వదలి పారిపోయి వచ్చిన పిల్లలు ప్లాట్‌ఫారాల మీద దొరుకుతారు. వారికోసం 1989లో నవజీవన్ బాలభవన్ వెలసినది. అంతకుముందే, 1969లో, గోరా గారి కుమార్తె చెన్నుపాటి విద్య గారు వాసవ్య మహిళా మండలి స్థాపించి స్త్రీలకూ పిల్లలకూ ఆశ్రయమిచ్చినారు. చెదిరిన కాపురాలకు సలహా చెప్పించినారు. వీరి సేవకు వంక పెట్టేవారు లేరు. అయితే పదేండ్ల కుర్రవాడు రైలెక్కినది ఒక్కనాటి కోపంతో కాదు. ఆ ఇల్లు వాని రెండవ ఏటనో, మూడవ ఏటనో బీటలు వారడం మొదలైనది. ఆనాడు ఆ ఇంటికి టీకా వేయడానికి ఒక నర్సు వెళ్ళే ఉంటుంది. టీకా వేసినది, కార్డు వ్రాసినది, వచ్చినది. తల్లి ముంజేతి మీది కములు ఆమె కంట పడినా, ఆ కములును ఏమి చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

2024 సెప్టెంబరు మొదటి దినాలలో బుడమేరు పొంగి విజయవాడలో సగం మునిగినది. సింగునగరంతోపాటు భవానీపురం వైపు ఊర్మిళానగర్, జోజినగర్ కూడా నీళ్ళలో ఉన్నవి. అదే సమయాన ప్రకాశం బరాజు వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినది. పడవలు వచ్చినవి, డ్రోనులు ఆహారం జారవిడిచినవి. అట్టివేళ ఏ మేడపై మూడు రోజుల బాలింత ఉన్నదో, ఏ సందులో నెలలు నిండిన చూలాలున్నదో, ఏ బిడ్డకు మూర్ఛ మందు తప్పకూడదో యంత్రం చెప్పలేదు. ఆ వీధి తిరిగిన మనిషికే ఆ పటం తలలో ఉంటుంది. ఆ పటం గీయడం కూడా నర్సింగులో ఒక పాఠమే.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. వేలూరులో నర్సింగు కళాశాల అధ్యాపకులే కొన్ని పల్లెలనూ పేటలనూ తమ బాధ్యతగా తీసుకొని, విద్యార్థినులతో కలసి అక్కడి కుటుంబాలను చూచుకొంటున్నారు. వేలూరు చిత్తూరుకు దగ్గరే. చూచి రావడానికి ఒక పూట చాలు. విజయవాడ కళాశాలలలో ఒక్కటైనా భవానీపురం నుంచి విద్యాధరపురం కొండ దాకా ఒక్క వార్డును తనదిగా తీసుకోవచ్చును. ప్రతి విద్యార్థినికీ నాలుగు ఇళ్ళు: రెండు కొండమీద, రెండు మేడలలో. చూలాలిగా ఉన్ననాటినుంచి బిడ్డ అడుగులు వేసేదాకా, అరిసెలు తినేదాకా, అవే ఇళ్ళు. ఏదో ఒక వారం పాదయాత్ర చేసి, గోడమీద చార్టు అంటించి, ఫోటో తీయించుకొని రావడం కాదు. ఆమెతోపాటు వార్డు ఏ.ఎన్.ఎం. కూడా కళాశాలకు వచ్చి, తరగతి గదిలో బల్లమీద కాదు, గురువు కుర్చీలో కూర్చుండాలి. ఎందుకంటే ఆ వీధి సంగతి ఆమెకే తెలుసును. అధ్యాపకురాలికి పదవి పెంచేటప్పుడు ఆమె ఇంగ్లీషు పత్రికలలో అచ్చువేయించిన వ్యాసాలతోపాటు, ఆ ఇళ్ళలో ఆమె నడిపిన పని, దానిని గూర్చి తెలుగులో వ్రాసిన పుస్తకం లెక్కకు రావాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఏ.ఎన్.ఎం.కు ప్రభుత్వం ఇప్పటికే జీతమిస్తున్నది. విద్యార్థినులు ఫీజు కట్టి మరీ చదువుకొంటున్నారు. అధ్యాపకురాలు ఉద్యోగంలోనే ఉన్నది. కొత్తగా కావలసినది కళాశాల బస్సును వారానికి రెండు పూటలు ఆస్పత్రివైపు కాక కొండవైపు నడిపించడానికి అయ్యే డీజిలు, పరీక్షల నియమావళిలో ఒక పేజీ మార్పు. ఆ పేజీ మార్చవలసిన విశ్వవిద్యాలయ కార్యాలయం ఈ ఊరిలోనే, భవానీపురం నుంచి సిటీ బస్సులో పోదగిన దూరంలోనే ఉన్నది.